రాజీనామా తర్వాత వచ్చిన నీళ్లు

భరణి కార్తె, శనివారం

మళ్లీ జీతం వచ్చింది.

పొద్దున పళ్లు తోముకుంటుంటే గొట్టం గుడగుడమంది. నేను పరుగెత్తేలోపే తొట్టి నిండి, గట్టు మీదుగా పొర్లి, చాప తడిపి, మంచం కోళ్ల దాకా వచ్చేసింది. ఈ లోగూడెంలో నీళ్లు నేల మీద పారడం చూసినవాళ్లు తక్కువ. పక్కింటి ముసలమ్మ వీరవ్వ గడప దగ్గర నిలబడి చూడరానిది చూసినట్టు చెంపలేసుకుంది. ఆ తర్వాత లోపలికి పోయి బిందె తెచ్చుకుంది.

ఇక్కడ సర్కారు ఉద్యోగులకు జీతం నీళ్లే. శనివారం శనివారం గొట్టంలో నేరుగా ఇంటి తొట్టిలోకి వదులుతారు. గొట్టానికి ఉన్న తాళం సర్కారుది, మనం ముట్టుకోకూడదు. నేను చలికాలంలోనే రాజీనామా ఇచ్చాను. ఉద్యోగం మానేసినవాడికి జీతం రాకూడదు. కానీ వస్తోంది. పారబోస్తే నేరం కాబట్టి వాడకట్టుకంతా పంచుతున్నాను. ఇప్పుడు మా వాడలో నాకున్నంత పేరు అమ్మవారికి కూడా లేదు.

జీతాల కిటికీకి నాలుగుసార్లు పోయాను. అందులో కూర్చునే సారు ప్రతిసారీ ఒకటే పాట. "జీతం రాలేదని వచ్చేవాళ్లకు ఫారం ఉంది. వచ్చిందని వచ్చేవాళ్లకు లేదు."

ఇరవై ఏళ్లు ఫ్యాన్ హౌస్‌లో పనిచేశాను. లోగూడెం అంటే బొగ్గు తవ్వేసిన పాత గని. పైన ఎండకు బతకలేక మా తాతల కాలంలో అందరూ లోపలికి దిగారు. మీది నుంచి గాలి లాగే పెద్ద ఫ్యాను ఆగితే ఇక్కడ ఎవరూ మిగలరు. షిఫ్టుకొకసారి లాగ్ రాసేవాణ్ని. గాలి ఇంత, ఒత్తిడి ఇంత, బేరింగు వేడి ఇంత. పని మానేశాక రాయడానికేమీ లేదు గానీ చెయ్యి ఊరుకోవడం లేదు. అందుకే ఇది.

భరణి కార్తె, గురువారం

గురువారం గేటు ఫోను దొరికే రోజు. వరుసలో నిలబడి సులోచనతో మాట్లాడాను.

సులోచన ఉండేది మీద, ఎగువపేటలో. అక్కడ వానలు మళ్లీ పడుతున్నాయి. ఆమె నారు పెంచి అమ్ముతుంది. ఏడాదికోసారి లోపలికి దిగి, దీపాల వెలుగులో పండే మా మళ్లలో వంకాయ నారు, మిరప నారు నాటించి పోతుంది. రెండేళ్ల కింద ఫ్యాన్ హౌస్ ముందు నారు గంప దించి, "ఏమయ్యా, గాలి నువ్వే పంపుతవా? నా నారుకు కొంచెం మెల్లగ పంపు" అంది. నాకు యాభై. పెళ్లి మాట ఎప్పుడో మరిచిపోయాను. ఆ రోజు నుంచి మళ్లీ గుర్తుకొచ్చింది.

మృగశిర కార్తె రాగానే సొరంగం మూతి మూసేస్తారు, వాన నీళ్లు లోపలికి రాకుండా. మళ్లీ తెరిచేది నాలుగు నెలల తర్వాత. మృగశిర రాకముందే నేను మీదికి ఎక్కాలి.

"రోహిణి దాటనియ్యకు," అంది సులోచన. "తొలకరి పడంగనే బండి కడత. ఈ ఏడు తూర్పుకు పోయి అక్కడ్నే ఉంట, అక్కడ భూములిస్తన్నరు. నువ్వొస్తే ఇద్దరం పోతం. రాకపోతే నేనేం చావను పోశం, ఎదురు గూడ చూడను. చిన్నప్పటిసంది ఎదురుచూసుడే అయింది నా బతుకంత."

"ఎందుకు రాను? కాళ్లు లేవా నాకు?" అన్నాను.

ఇంకేదో చెప్పాలని ఉంది గానీ ఆ ఫోనులో అన్న ప్రతి మాటా ఆఫీసులో నమోదవుతుంది. నా ముచ్చట్లు విని జీతాల సారు నవ్వుకోవడం నాకిష్టం లేదు.

కృత్తిక కార్తె, సోమవారం

గేటు పాసుకు పోయాను. బట్టలు మూట కట్టుకుని మరీ పోయాను, అదీ నా తెలివి.

గేటు మనిషి నా పేరు కొట్టి చూసి, "పోశమన్నా, నీ మీద బాకీ ఉన్నది" అన్నాడు.

"ఏం బాకీ?"

"జీతం. ఉద్యోగం మానేసినంక తీసుకున్నవట. రికవరీ అయ్యేదాక గేటు లేదు."

నేను ఊరుకోలేదు. నాలుగుసార్లు పోయి చెప్పిన మొగోణ్ని నేనే, మీ సారుకు ఫారం లేదంటే తప్పు నాదా, తీసుకోను మొర్రో అన్నా మీద పోసింది మీరు కాదా అని గేటు కంపించేలా అరిచాను. గేటు మనిషి ఓపిగ్గా విని నోటీసు చేతిలో పెట్టాడు. పొరపాటున చెల్లించిన ఐదు నెలల జీతాన్ని మాజీ ఉద్యోగి నీటి రూపంలోనే తిరిగి జమ చేయాలి. పూర్తిగా జమ అయ్యేవరకు ఊరు దాటరాదు.

తాగిన నీళ్లు తిరిగి ఇవ్వాలట. ఎట్లా ఇస్తారో నోటీసులో రాయలేదు.

వాడకు తిరిగొచ్చేసరికి నోటీసు సంగతి నాకంటే ముందే అక్కడికి చేరింది. నిన్నటిదాకా "పోశమన్నా, పోశమన్నా" అన్న నోళ్లు ఎక్కడా లేవు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. వీరవ్వ మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, "నేను తాగింది తక్కువే బిడ్డా, నువ్వు పోసిందే ఎక్కువ" అని కిటికీ కూడా వేసుకుంది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమె మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

కృత్తిక కార్తె, శనివారం

ఇవాళ మళ్లీ జీతం వచ్చింది. బాకీ పెరిగింది.

గొట్టం కింద నిలబడి బిందెలు పట్టి, ఇవే నీళ్లు తిరిగి జమ చేద్దామని రికవరీ ఆఫీసుకు మోసుకుపోయాను. తీసుకోలేదు. జీతం జమ చేయాలంటే ఉద్యోగి నంబరు ఉండాలి. నేను ఉద్యోగిని కాను కాబట్టి నంబరు పనిచేయదు. మరి జీతం ఏ నంబరు మీద వస్తోందయ్యా అంటే, అది జీతాల కిటికీలో అడగాలట. బిందెలు మళ్లీ ఇంటికి మోసుకొచ్చాను. సగం దారిలో భుజం పట్టేసింది.

తా దూర సందు లేదు, మెడకో డోలు అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

కృత్తిక కార్తె, మంగళవారం

రికవరీ ఆఫీసరు పిలిపించింది. వైదేహి మేడం. నాకంటే బాగా చిన్నది. కూర్చోవడానికి స్టూలు వేయించింది, తాగడానికి నీళ్లు ఇవ్వబోయి, నా మొహం చూసి గ్లాసు వెనక్కి తీసుకుంది. మంచి మనిషే.

"పోశం గారూ, మీరు చెప్పింది నిజమే. మీ రాజీనామా రికార్డులో ఉంది. కానీ మీ మస్టర్ కూడా నిండుగా ఉంది."

మస్టర్ అంటే హాజరు. షిఫ్టుకు దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు బోర్డు మీది కొక్కేనికి తగిలిస్తారు, ఎక్కేటప్పుడు తీస్తారు. పోయినేడాది పాత చెక్క బోర్డు తీసేసి కొత్తది పెట్టారు. అది బిళ్లను తనే చదువుకుని, జీతాన్ని తనే పంపుతుంది. నడుమ మనిషి లేడు.

"ఐదు నెలలుగా మీ బిళ్ల ఒక్క షిఫ్టు కూడా తప్పలేదు," అంది మేడం. "బోర్డు దగ్గర కెమెరాకి బొగ్గు దుమ్ము పట్టి ఏమీ కనబడదు. ఎవరు తగిలిస్తున్నారో తెలియాలి. మీరే ఆలోచించి చెప్పండి."

నాకు ఆలోచించే పని లేకపోయింది. రాజీనామా రోజు నా బిళ్ల తీసి నాతో షిఫ్టు చేసే ఓదేలు చేతిలో పెట్టి, ఆఫీసులో ఇచ్చెయ్యరా అని చెప్పి సులోచన గురించి కలలు కంటూ ఇంటికి పోయింది నేనే.

కృత్తిక కార్తె, అదే మంగళవారం, రెండో షిఫ్టు దిగాక

ఓదేలు నా జోడీ. పదేళ్లుగా ఒకే షిఫ్టు, ఒకే టిఫిను. ఫ్యాన్ హౌస్ బయట పట్టుకున్నాను.

"నా బిళ్ల ఏం జేసినవ్ ఓదేలు?"

వాడు తల దించుకున్నాడు. "కొక్కేనికి పెట్టిన అన్నా."

"ఎందుకు పెట్టినవ్?"

"కొక్కెం ఖాళీ ఉంచుతమా మరి?"

అదీ మాట. మా ఫ్యాన్ హౌస్‌లో ఎవరూ కొక్కెం ఖాళీ ఉంచరు. ఖాళీ కొక్కెం మనిషిని అడుగుతుందంటారు. వెనకటికొకసారి ఉంచితే ఆ వారంలోనే కప్పు కూలి నలుగురు పోయారట. అందుకే మనిషి మానేస్తే, కొత్త మనిషి వచ్చేదాకా జోడీవాడు ఆ బిళ్లను రోజూ తగిలిస్తాడు, తీస్తాడు. నేనూ చేశాను, మా షిఫ్టును నడిపించే సర్దార్ మానేసినప్పుడు. అప్పుడది చెక్క బోర్డు. చెక్కకు జీతాలు పంపడం రాదు.

"కొత్త బోర్డు జీతం పంపుతదని తెల్వదా నీకు?"

"పంపుతదని తెలుసు. బిళ్ల చూసి పంపుతదని నాకేం తెలుసన్నా? సంతకాలు జూసి పంపుతరనుకున్న. కొత్త మనిషి ఇయ్యాల వస్తడు, రేపొస్తడు అని చూస్తన్న. ఒక్కడే రాడాయె."

ఎట్లా వస్తాడు? బోర్డు మీద బిళ్ల ఉంటే ఆఫీసు లెక్కలో ఖాళీ లేనట్టే. ఖాళీ లేకపోతే కొత్త మనిషిని వేయరు. కొత్త మనిషి రాకపోతే వీడు నా బిళ్ల తీయడు. ఈ ఐదు నెలలూ ఇద్దరి పనీ వీడొక్కడే చేశాడు. గ్రీజు పెట్టింది వీడే, బెల్టు బిగించింది వీడే, దుమ్మును ఆపే జాలీలు నా వాటావి కూడా వీడే దులిపాడు. చూస్తే కళ్ల కింద గుంటలు పడ్డాయి.

చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గోడకు కొట్టాను.

"నేను పోయి చెప్త అన్నా. నేనే పెట్టిన్నని చెప్త."

"చెప్తే ఏమైతదో ఎరికేనా?"

వాడికీ తెలుసు. ఇంకొకరి బిళ్ల తగిలిస్తే మస్టర్ దొంగతనం. ఉద్యోగం పోతుంది, క్వార్టర్ పోతుంది, ఇంట్లో వాళ్లనందరినీ కట్టగట్టి ఎండ క్యాంపుకు పంపుతారు. ఎండ క్యాంపు నీడలేని మైదానం. అక్కడికి పోయినవాళ్ల పేర్లు వినపడతాయి గానీ మనుషులు తిరిగి రారు.

"ముందు ఇంటికి పో," అన్నాను. "నోరు మూసుకొని ఇంటికి పో."

రోహిణి కార్తె, శుక్రవారం

రోహిణికి రోళ్లు పగులుతాయంటారు. మీద ఎట్లా ఉందో గానీ ఫ్యాను లాగిన గాలి కూడా ఇక్కడ మొహం మీద వేడిగా కొడుతోంది.

దాచిపెట్టి రాయడం ఎందుకు? నాలుగు రోజులుగా నా బుర్రలో ఒకటే లెక్క. పేరు చెప్తే నేను మీదికి పోతాను. చెప్పకపోతే పోను. వాడు తెలియక చేశాడు, సరే, నేను మాత్రం తెలిసి చేశానా? ఇరవై ఏళ్లు గాలి పంపి పంపి అందరికీ ఊపిరిచ్చాను, నాకంటూ ఒక్క మనిషి దొరికింది, ఆ ఒక్కదాన్నీ వీడి కొక్కేనికి తగిలించి పోవాలా? వాడికి పెళ్లాం పిల్లలు ఉన్నారని నేను ఒంటరిగా చావాలా? ఇవన్నీ నాలో నేను గట్టిగానే అనుకున్నాను. ఒక్కసారి నిజంగానే పేరు చెప్పడానికి ఆఫీసు దాకా పోయాను. భోజనాల వేళ, తలుపు వేసి ఉంది.

తిరిగొస్తూ ఓదేలు ఇంటి ముందు ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. వాడి పెళ్లాం రాధ పిల్లలకు స్నానం చేయిస్తోంది. ఒకే తపేలా నీళ్లు. ముందు చిన్నది, అవే నీళ్లలో నడిమిది, అవే నీళ్లలో పెద్దోడు, ఆఖరికి ఆ నీళ్లతోనే గచ్చు కడిగింది. వాడి అత్త మూలన కూర్చుని దగ్గుతోంది.

"రా అన్నా, కూసో," అంది రాధ. "మా ఆయనకు ఏమైందన్నా? తింటలేడు, పంటలేడు. నీతో ఏమన్న చెప్పిండా?"

"నాకేం చెప్పలే," అన్నాను.

"నువ్వన్న అడుగు. నీ మాట ఇంటడు."

నేను వచ్చేశాను. ఓదేలు మీద కోపం మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది. వాడు దుర్మార్గుడైనా బాగుండేది.

రోహిణి కార్తె, బుధవారం

విచారణ అయింది.

వైదేహి మేడం ముందు బల్ల, బల్ల మీద కాగితం, కాగితం మీద నా పేరు. ఇంకెవరూ లేరు.

"పోశం గారూ, బిళ్ల తనంతట తాను నడిచి రాదు కదా. ఎవరు తగిలించారో పేరు చెప్పండి. బాకీ వెంటనే ఆ మనిషి మీదికి మారిపోతుంది. రేపు పొద్దున్నే మీరు మీదికి వెళ్లొచ్చు. నిజం చెప్తున్నా, మీరు వెళ్లాలనే నాకూ ఉంది."

రేపు పొద్దున్నే అన్న మాట నా చెవుల్లో గింగురుమంది. పేరు నాలుక మీదికి వచ్చింది. మూడక్షరాలు, అంతే.

"నేనే," అన్నాను.

"ఏమిటి?"

"నేనే తగిలిచ్చిన మేడం. రోజు పోయి నా బిళ్ల నేనే పెట్టుకున్న."

ఆమె కలం ఆపి నా మొహం చూసింది. "ఎందుకు?"

ఎందుకో ఆలోచించుకుని పోలేదు. అబద్ధం ఒక్కటి చెప్తే చాలనుకున్నాను, దానికి కారణం కూడా చెప్పాలని తట్టలేదు. "అలవాటు మేడం," అన్నాను. "ఇరవై ఏండ్ల అలవాటు."

"పెళ్లి చేసుకుని వెళ్లిపోతానని రాజీనామా ఇచ్చారు. పాసు కోసం గేటు దగ్గర అంత గొడవ చేశారు. అలాంటి మీరే రోజూ వచ్చి బిళ్ల తగిలించారంటారా?"

"అంట."

ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలుసు. "ఇది వేరే సెక్షన్ కిందికి వస్తుంది," అంది చివరికి. "రాశాక కొట్టేయడం ఉండదు. రాయనా?"

ఏ సెక్షనో అడగాల్సింది. జరిమానా వేస్తారనుకున్నాను, తొట్టి జప్తు చేస్తారనుకున్నాను, గేటు మూసేదాకా ఇంకా ఆరు రోజులున్నాయి కదా, ఎట్లాగోలా కాళ్లావేళ్లా పడి బయటపడొచ్చనుకున్నాను.

"రాయండి," అన్నాను.

రోహిణి కార్తె, ఆదివారం

తీర్పు వచ్చింది. ఒక్క చుక్క కూడా కట్టనక్కర్లేదట.

మేడం చదివి వినిపించింది. మా గని మనుషులకు కోపాలు ఎక్కువ. సాయంత్రం సర్దార్‌తో కొట్లాడి రాజీనామా మొహాన కొట్టి, తెల్లారేసరికి చల్లబడి తిరిగొచ్చేవాళ్లు వెనకటి నుంచీ ఉన్నారు. వాళ్ల కోసం పెట్టిన నిబంధన అది. రాజీనామా ఇచ్చినవాడు తన బిళ్లను తన చేత్తో మళ్లీ తగిలిస్తే ఆ రాజీనామా ఇవ్వనట్టే. కాబట్టి నేను ఉద్యోగం మానలేదు. కాబట్టి నాకొచ్చింది జీతమే, పొరపాటు కాదు. ఫ్యాను ఒక్క పూట ఆగలేదు కాబట్టి పని కూడా చేసినట్టే.

"బాకీ లేదు పోశం గారూ," అంది మేడం. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు.

"అయితే మీదికి పోవచ్చునా?"

"ఉద్యోగంలో ఉన్నారు కదా. షిఫ్టు మనిషి ఊరు దాటాలంటే బదులు మనిషి ఉండాలి."

"మల్ల రాజీనామా ఇస్త. ఇప్పుడే ఇస్త. కాయితం ఇయ్యండి."

"ఇవ్వండి. నోటీసు మూడు నెలలు." ఆమె గొంతు తగ్గించింది. "వేరే సెక్షన్ అని నేను చెప్పాను."

చెప్పింది. నిజమే. కాగితం తీసుకుని అక్కడే రాజీనామా రాసిచ్చాను.

రికవరీ పూర్తయినవాళ్ల పేర్లు ఆదివారం మైకులో చదువుతారు. లోగూడెం అంతా వినపడుతుంది, మీద గేటు మూతి దగ్గర కూడా ఒక మైకుంది. నా పేరు చదవగానే వాడలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. వీరవ్వ బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. "అదృష్టవంతునివి బిడ్డా. బాకీ పోయింది, కొలువు నిలవడ్డది. ఎవరికుంటది గంత రాత?" వెంటే అందరూ వచ్చారు. ఎవరో డప్పు కూడా కొట్టారు. ఊరంతా సంబరపడుతుంటే నడుమ నేను బెల్లం నోట్లో పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాను.

ఓదేలు గుంపులోకి రాలేదు. దూరంగా దీపస్తంభం దగ్గర నిలబడి చూస్తున్నాడు.

మృగశిర కార్తె, మొదటి రోజు

గేటు నుంచి కబురొచ్చింది, నాకు మీది నుంచి ఫోను ఉందని. మూసే రోజు ఎవరైనా మాట్లాడొచ్చు. నేను పోతుంటే ఓదేలు వెంట వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు.

"ఏమయ్యా!" సులోచన గొంతులో ఎంత సంతోషమో. అంత సంతోషం ఆమె గొంతులో నేనెప్పుడూ వినలేదు. "బాకీ పోయిందని మైకుల చెప్పిండ్రు. విన్నంక ఉండబుద్ధి గాలే. బండి కట్టుకొని గేటు మూతికాడికే వచ్చిన. నీకు తలగుడ్డ తెచ్చిన, ఎండ కొత్త గదా నీకు. చెప్పులు గూడ తెచ్చిన. మబ్బు పట్టింది, జల్ది రా, తడుస్తం."

"సులోచనా, నేను రాలేను."

"ఎందుకు?"

"ఉద్యోగంల ఉన్న."

"మానేసినవు గదా?"

"మానేసిన. గానీ నా బిళ్ల బోర్డు మీద ఉన్నది. బిళ్ల ఉంటే మానేయనట్టేనట."

"మానేసినోని బిళ్ల బోర్డు మీద ఎందుకున్నది? ఎవరు పెట్టిండ్రు?"

ఓదేలుకు ఆమె మాట వినపడిందో, నా మొహం చూసి అర్థం చేసుకున్నాడో, ఒక్కసారిగా ఫోను మీదికి చెయ్యి చాపాడు. నేను మోచేత్తో వాణ్ని గోడకు నొక్కిపట్టాను. మా నెత్తి మీద నమోదు దీపం ఎర్రగా వెలుగుతోంది. వాడు ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికి ఆరుగురూ ఎండ క్యాంపు బండిలో ఉంటారు.

"నేనే," అన్నాను.

అటువైపు గాలి చప్పుడు వినపడింది. మీది గాలి. ఫ్యాను లాగని గాలి.

"నువ్వే పెట్టుకున్నవా?"

"ఔ."

"ఎప్పటిసంది?"

"మొదటి దినం సంది."

"అంటే నాతోటి పోయిన గురువారం దాక మాట్లాడినప్పుడు గూడ, నీ బిళ్ల నువ్వు పెట్టుకుంటనే ఉన్నవన్నట్టు."

కాదు సులోచనా, కాదు, అని నా ఒళ్లంతా అరుస్తోంది. ఇంత పెద్ద అబద్ధం నాకు చేతకాదని, నారు గంప దించిన రోజు నుంచి నేను ఆమె మనిషినేనని చెప్పాలని ఉంది. చెప్పే దారి లేదు. ఆఫీసులో ఒప్పుకున్నప్పుడు ఈ మాట ఆమెకు కూడా చెప్పాల్సి వస్తుందని నాకు తట్టనే లేదు.

"రావాలని లేకపోతే లేదని జెప్పాలె పోశం," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నేనేమన్న బలిమి జేసిన్నా? ఒక్క మాట. నీకు రావాలని లేదు, అంతే గదా?"

ఓదేలు నా మోచేతి కింద ఏడుస్తున్నాడు, చప్పుడు కాకుండా.

"అంతే," అన్నాను.

"మంచిది. చెప్పులు ఈడ గేటు కాడ పెట్టి పోతన్న. నీ కొలతవి, నాకేం పనికిరావు," అంది. ఫోను పెట్టేసింది.

తర్వాత గేటు దిగింది. దిగుతున్నప్పుడు కింద సందులోంచి కొంచెం తడి మట్టి వాసన వచ్చి ఆగిపోయింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను. ఇరవై ఏళ్లలో నన్ను అట్లా ఎవరూ చూడలేదు, ఇప్పుడు అందరూ చూశారు, చూడనిచ్చాను. ఓదేలు నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఇప్పుడే పోయి చెప్త అన్నా, ఏమైతే అదైతది" అని లేవబోయాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఇప్పుడు చెప్పి ఏం లాభమురా? గేటు మూసిండ్రు," అన్నాను. "ఒకటి మాత్రం ఇను. నిన్ను నేను జన్మల మాఫ్ చెయ్య. కానీ చెప్పకు."

వాడు తలూపాడు.

గేటు మనిషి కొంచెంసేపు మమ్మల్ని వదిలేసి, తర్వాత దగ్గరికి వచ్చి చీటీ ఒకటి అందించాడు. "ఏమనుకోకు పోశమన్నా. మూసే రోజు ఫోనుకు ఖర్చు ఎక్కువ. వచ్చే శనివారం నీ జీతంల కోస్తరు. ఈడొక సంతకం పెట్టు."

పెట్టాను.